కదలకమ్మ మాట్లాడని గంట

ఆ ఆస్పత్రిలో ఆవిడ అసలు పేరు జీతాల సెక్షను వాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియదు. మిగతా అందరికీ ఆవిడ కదలకమ్మ. పిల్లల వార్డులో ఎవరో గడుగ్గాయి పెట్టిన పేరది. స్కాన్ గదిలో ఆవిడ నోటి వెంట వచ్చే మొదటి మాటా, చివరి మాటా "కదలకండి" కాబట్టి అతికినట్టు సరిపోయింది. డాక్టర్లు ఎదురుగా "మేడమ్" అనేవాళ్ళు, ఆవిడ అటు తిరగ్గానే కదలకమ్మ అనేవాళ్ళు. ఆవిడకా సంగతి తెలుసు. తెలిసీ ఊరుకునేది, ఎందుకంటే లోలోపల ఆ పేరంటే ఆవిడకి బోలెడు గర్వం.

ఆ మాట పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. తండ్రికి చిన్న ఫొటో స్టూడియో ఉండేది. ఒక స్టూలు, రెండు దీపాలు, గోడకి ఒక నీలం తెర. స్టూలు మీద కూర్చున్నవాళ్ళ గడ్డం పట్టుకుని తల నిటారుగా సర్దడం ఈ పిల్ల పని. ఆ తర్వాత తండ్రి "ఇక కదలకండి" అనేవాడు. అంతే, ఎంతటి వాగుడుకాయైనా బిగుసుకుపోయేవాడు. ఒక్క మాటతో మనిషిని ఆపేయవచ్చన్న నమ్మకం ఆ పిల్లకి అక్కడే కుదిరింది. కాస్త ఎక్కువే కుదిరిందని ఆవిడ భర్త అంటాడు. ఆయన బస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య బతికి ఇంటికొస్తే అసలు మోత అప్పుడు మొదలవుతుందని స్నేహితుల దగ్గర వాపోతుంటాడు, ఆవిడ వినేంత దగ్గర్లో ఉందో లేదో ఒకసారి చూసుకుని.

చదువయ్యాక ఆవిడ ఎక్స్‌రేలు తీసింది, ఆ తర్వాత ఎమ్మారై గదికి మారి అక్కడే పాతుకుపోయింది. ఎమ్మారై లోపల పడుకున్నవాళ్ళకే తెలుస్తుంది ఆ నరకం. ఇనప రేకుల మీద ఎవరో సుత్తులు పెట్టి బాదుతున్నట్టు ఒకటే దడదడ. ఆ గొట్టంలో ఒంటరిగా ఉన్న మనిషికి గుండె జారిపోతుంది, ఇక తనని అందరూ మర్చిపోయారనిపిస్తుంది. అందుకని కదలకమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. ప్రతి ఐదు నిమిషాలకీ మైకు బటను నొక్కి, "బాగా చేస్తున్నారు, నేనిక్కడే ఉన్నాను, కదలకండి" అనేది. గోడ గడియారం వంక చూడనక్కర్లేదు. వేలు దానంతట అదే బటను మీదికి వెళ్ళేది. ఆ గొంతు పట్టుకుని ఎంతోమంది ఆ గొట్టంలోంచి ఒడ్డున పడ్డారు. ఆవిడ చేతిలో బొమ్మ చెడిందన్న మాట ఆస్పత్రిలో ఎవరూ ఎరగరు.

అలాంటి మనిషిని డాక్టరమ్మ పిలిచి, కింది అంతస్తులో కొత్తగా పెట్టిన పెట్ స్కాన్‌కి రమ్మంది. ఈ డాక్టరమ్మ వయసులో చిన్నది, పట్టుదలలో పెద్దది. తిండీ నిద్రా మానుకుని ఒక అరుదైన జబ్బు వెంటపడింది. ఒంట్లో ఒకరకం కొవ్వుని విరగ్గొట్టాల్సిన ఎంజైమ్ పుట్టుకతోనే కొందరికి సరిగ్గా ఉండదు. ఆ కొవ్వు పేరుకుపోయి పొట్టలో ప్లీహం ఉబ్బుతుంది, ఎముకలు గుల్లబారతాయి. కొందరికి మెదడులోనూ తేడా చేస్తుంది. ఒంటికి మందుంది, రెండు వారాలకోసారి నరానికి ఎక్కిస్తారు. ఆ మందు మెదడు గుమ్మం దాటదు.

"వీధిలో చెత్త తీసేవాళ్ళు రాకపోతే ఏమవుతుంది?" అంది డాక్టరమ్మ, కదలకమ్మకి విడమరిచి చెబుతూ. "కాపలావాళ్ళకి చిర్రెత్తుకొస్తుంది. మెదడులో కూడా కాపలా కణాలు ఉంటాయి. చెత్త పేరుకునేసరికి అవి రేగిపోయి చుట్టుపక్కల వాటిని కూడా పాడుచేస్తున్నాయని నా అనుమానం. ఎమ్మారైలో అది కనిపించదు. ఆ రేగిన కణాలకి మాత్రమే అతుక్కునే మందు ఒకటి ఉంది. అది ఎక్కించి ఫొటో తీస్తే రేగినచోటు వెలుగుతుంది."

"వెలిగితే?"

"మెదడు దాకా వెళ్ళే మాత్ర ఒకటి సిద్ధంగా ఉంది. వెలుగు కనబడ్డవాళ్ళకి అది ఇచ్చి, కొన్ని నెలల తర్వాత మళ్ళీ ఫొటో తీస్తాం. తగ్గిందా లేదా అని ఊహలు అక్కర్లేదు, కళ్ళతో చూస్తాం."

"సరే, నేను తీస్తాను," అంది కదలకమ్మ. ఆవిడకి అంతకన్నా వివరం అక్కర్లేదు. ఫొటో అన్నారు, కదలకూడదన్నారు, అది చాలు.

మొదట వచ్చిన ఇద్దరు ముగ్గురూ చక్కగా పడుకున్నారు. తర్వాత దర్జీ వచ్చింది.

ముప్పై దాటిన మనిషి. ఇంకో ఊరి నుంచి అన్నని వెంటబెట్టుకుని రైల్లో వచ్చింది. చిన్నప్పుడే జబ్బు బయటపడితే ఇంజెక్షన్లు ఎక్కించుకుంటూ పెరిగి, కుట్టు నేర్చుకుని, అన్న ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుంది. చేతిలో మంచి పనితనం ఉంది. కొన్నేళ్ళుగా ఆ చేతులే ఆమెని మోసం చేస్తున్నాయి. వెనక తలుపు టప్పుమన్నా, గుండుసూది జాగ్రత్తగా పట్టుకోబోయినా చెయ్యి ఒక్కసారి ఎగిరిపడుతుంది, తలా భుజాలూ కూడా కుదుపుకుంటాయి. ఒకసారి కొలత తీస్తుంటే గుండుసూది ఒకావిడ మెడలో దిగబడింది. ఆవిడ అరిచిన అరుపుకి మళ్ళీ చెయ్యి ఎగిరింది. ఆనాటి నుంచి మనుషుల ఒంటి మీద గుడ్డ పెట్టి సూదులు గుచ్చడం మానేసింది. ఎవరైనా వస్తే, "పాత బట్ట ఒకటి ఇచ్చి వెళ్ళండి, దాని ప్రకారం కుడతాను," అనేది.

మామూలు స్కాన్లన్నీ బాగానే ఉన్నాయన్నారు. వాళ్ళ ఊళ్ళో డాక్టరు, "తలలో ఏమీ లేదు, భయం అంతే," అని చెప్పి పంపాడు. ఆ మాటతో ఇంట్లో వదినకి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. గిన్నె చేజారితే నటన, కాఫీ ఒలికితే నటన. దర్జీకి జబ్బు కన్నా ఈ మాటే ఎక్కువ నొప్పి.

"ఏదో ఒకటి కనపడాలి మేడమ్," అంది కదలకమ్మతో, బల్ల ఎక్కబోతూ. "కనపడకపోతే మాత్ర ఇవ్వరటగా. అది సరే. కనపడకపోతే మావాళ్ళ దృష్టిలో నేను అబద్ధాలకోరుని."

"నా చేతిలో పడ్డావుగా తల్లీ, కనపడక ఎక్కడికి పోతుంది?" అంది కదలకమ్మ. "నువ్వు చేయాల్సింది ఒకటే. కదలకు."

ఈ జబ్బువాళ్ళలో కొందరు చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతారని డాక్టరమ్మకి తెలుసు. అందుకే తలుపు కింద రబ్బరు పట్టీ వేయించింది, లోపలికి చెప్పులతో రావద్దంది. ఆ హుకుం అమలుచేసే బాధ్యత కదలకమ్మది. బయట ట్రాలీ తోసుకుంటూ పోయే ఆయా మీద ఎంత విరుచుకుపడిందంటే, ఆ ట్రాలీ చక్రాల కన్నా ఆవిడ గొంతే దూరం వినిపించింది. మొత్తానికి గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. పెట్ స్కాన్ ఎమ్మారైలా మోగదు. పెద్ద తెల్లటి చట్రం లోపల తల పెట్టుకుని, ఒళ్ళు వదిలేసి పడుకోవడమే. ఒక గంట.

ఆ గంట తర్వాత వచ్చిన బొమ్మ చూసి కదలకమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. తడి కాగితం మీద సిరా పడి అలుక్కుపోయినట్టుంది. ఎక్కడ వెలుగో, ఎక్కడ చీకటో దేవుడికే ఎరుక.

"ఇంకొక్క అవకాశమే ఉంది," అంది డాక్టరమ్మ, దర్జీనీ వాళ్ళన్ననీ ఎదురుగా కూర్చోబెట్టుకుని. "ఆ ఇంజెక్షన్లో కాస్త రేడియేషన్ ఉంటుంది. ఒక మనిషికి ఇంతకి మించి ఎక్కించకూడదని ఇలాంటి పరిశోధనలకి అనుమతిచ్చే కమిటీ వాళ్ళ నియమం. రెండోసారి కూడా చెడితే నేనేమీ చేయలేనమ్మా. ఫొటో లేకుండా మాత్ర ఇచ్చే అధికారం నాకు లేదు."

దర్జీ తల ఊపింది. ఊపుతుంటే భుజం ఒకసారి ఎగిరింది. వాళ్ళన్న చూపు తిప్పేసుకున్నాడు.

ఆ రోజు నుంచి కదలకమ్మకి కాలు నిలవలేదు. ఆవిడకి కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇప్పుడు మొహమంతా పాకింది. చేతిలో చెడిన మొదటి బొమ్మ! యంత్రానిదే తప్పని తేల్చేసింది. యంత్రాల లెక్కలు చూసే ఇంజనీరు ఒకాయన ఉన్నాడు. ఎప్పుడూ గ్రాఫులు ముందేసుకుని కూర్చుంటాడు కాబట్టి అందరూ గ్రాఫులాయన అంటారు. మితభాషి. అలాంటాయనతో కదలకమ్మకి కుదరడమే విచిత్రం, కానీ కుదిరింది. ఆవిడ మాట్లాడుతుంది, ఆయన వింటాడు, లేదా వింటున్నట్టుంటాడు.

ఆయన ఒక గీత చూపించాడు. స్కాన్ చేసేటప్పుడు నుదుటి మీద ఒక చిన్న బిళ్ళ అతికిస్తారు. తల ఎప్పుడు కదిలిందో ఒక కెమెరా దాన్ని చూస్తూ గీత గీస్తుంది. చిన్నాచితకా కదలికలైతే కంప్యూటరు సర్దేస్తుంది. ఈ గీత మాత్రం చదునుగా పోతూ పోతూ ఒక్కసారి పైకి లేస్తోంది. కాసేపు చదును, మళ్ళీ ఒక గంతు.

"ఇవి చూడండి," అన్నాడు. "ఒకదానికీ ఇంకోదానికీ మధ్య దూరం దాదాపు సమానం. జబ్బు వల్ల వచ్చే కుదుపులు ఇంత క్రమంగా రావు. ఈ గదిలో ఏదో ఒకటి గడియారం పెట్టుకున్నట్టు పనిచేస్తోంది. అది మోగినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడుతోంది."

"చెప్పానా? యంత్రమే!" అని కదలకమ్మ చీర కొంగు దోపుకుని రంగంలోకి దిగింది.

మొదట ఏసీ మీద పడింది. మెకానిక్కుని పిలిపించి, అది మధ్యమధ్యలో గురక పెడుతోందని దబాయించి, మూత విప్పించి, మళ్ళీ బిగింపించింది. తర్వాత చల్లనీళ్ళ పంపు. తర్వాత బల్ల కింద మోటారు. ఆఖరికి గోడ అవతల లిఫ్టు. స్కాన్ జరుగుతున్నంతసేపూ లిఫ్టు ఆపేయించాలంటే పై అంతస్తుల్లో ఎముకల వార్డువాళ్ళు గొల్లుమన్నారు. ఆవిడ ఖాతరు చేయలేదు. ఆ వారంలో ఆవిడతో చీవాట్లు తినని వస్తువు గానీ మనిషి గానీ ఆ అంతస్తులో మిగల్లేదు.

అన్నీ సర్దాక ఒక బొమ్మ తల పెట్టి పరీక్ష చేశారు. నీళ్ళు నింపిన ప్లాస్టిక్ బుర్ర అది, యంత్రాన్ని సరిచూడటానికి వాడతారు. గంటసేపు ఉంచి, పక్కన చప్పుడు కొలిచే మీటరు కూడా పెట్టారు. రెండింటి గీతలూ తిన్నగా, కొలబద్ద పెట్టి గీసినట్టు వచ్చాయి. కదలకమ్మ మొహం విప్పారింది. "చూశారా, దొంగ దొరికాడు. ఆ లిఫ్టే!"

ఎందుకైనా మంచిదని గ్రాఫులాయన, ఇంజెక్షన్ లేకుండా దర్జీని ఒకసారి ఉత్తినే పడుకోబెట్టి చూద్దామన్నాడు. ఉత్తుత్తి స్కాన్ అన్నమాట. ఆమె ఆస్పత్రి పక్క వీధిలోనే గది తీసుకుని ఉంటోంది, వచ్చి పడుకుంది. లిఫ్టు ఆపారు. ఏసీ ఆపారు. పంపు ఆపారు. అద్దాల కిటికీ ఇవతల కదలకమ్మ కుర్చీలో కూర్చుంది, పక్కన గ్రాఫులాయన తెర వంక చూస్తున్నాడు. గీత చదునుగా పోతోంది. పోతోంది. కదలకమ్మ సంతోషం పట్టలేక మైకు నొక్కి, "బంగారుతల్లీ, బాగా చేస్తున్నావు, కదలకు," అంది.

గీత పైకి లేచింది.

గ్రాఫులాయన గీత వంక చూశాడు, మైకు వంక చూశాడు, ఆ తర్వాత కదలకమ్మ వేలి వంక చూశాడు. ఆవిడ కూడా తన వేలి వంకే చూసుకుంది. ఇంకొంచెంసేపు కూర్చున్నారు. ఐదు నిమిషాలు కాగానే ఆ వేలు ఎవరి ఆజ్ఞా లేకుండా బటను వైపు బయల్దేరింది. ఆవిడ రెండో చేత్తో దాన్ని పట్టుకుని ఆపింది. గీత కదల్లేదు.

బొమ్మ తలతో ఆవిడ మాట్లాడలేదు మరి. ప్లాస్టిక్ బుర్రకి ధైర్యం చెప్పేవాళ్ళెవరు?

మెకానిక్కు, ఆయా, ఎముకల వార్డు, అందరూ ఒక్కసారిగా ఆవిడ కళ్ళ ముందు మెదిలారు. లిఫ్టు ఆపించి కాలు విరిగినవాళ్ళని మెట్ల దగ్గర నిలబెట్టింది. తీరా గడియారం పెట్టుకున్నట్టు పనిచేసే యంత్రం తనే. ఆవిడకి మొదట నవ్వొచ్చింది, తర్వాత చచ్చేంత సిగ్గేసింది. ఎమ్మారై మోతలో తన గొంతు మందులా పనిచేసేది. ఈ నిశ్శబ్దంలో అది పిడుగు పడ్డట్టు పడుతోంది. అలవాటు మారలేదు, గది మారింది. ఇంత చిన్న విషయం ఎవరికీ తట్టలేదు, ఇన్నేళ్ళ అనుభవమున్న ఆవిడకి అసలే తట్టలేదు.

లోపలికి వెళ్ళి దర్జీ పక్కన నిలబడి, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో అడిగింది. "నేను మైకులో మాట్లాడినప్పుడల్లా నీకేమవుతోంది? నిజం చెప్పు."

"ఉలిక్కిపడతాను మేడమ్. కదలకు అనగానే, అయ్యో కదలకూడదు కదా అని ఒళ్ళు బిగబట్టుకుంటాను. అప్పుడు ఇంకా ఎక్కువవుతుంది."

"మరి మొదటిరోజే చెప్పొద్దూ?"

"మీరంత ప్రేమగా పలకరిస్తుంటే నోరు మూసుకోండని ఎలా అంటాను మేడమ్?"

కదలకమ్మకి ఏమనాలో తోచలేదు. ఆ ఆస్పత్రి చరిత్రలో అది మొదటిసారి.

"ఇంకో సంగతి," అంది దర్జీ. "మీరు అస్సలు మాట్లాడకపోతే భయమేస్తుంది. ఒక్కదాన్నే ఉన్నట్టుంటుంది. మీరున్నారని తెలియాలి, కానీ వినపడకూడదు."

కదలకమ్మ ఈ చిక్కు గ్రాఫులాయన ముందు పెట్టింది. ఆయన వచ్చి చట్రం మీద ఒక చిన్న అద్దం బిగించాడు. పడుకున్న మనిషి దాంట్లోకి తిన్నగా చూస్తే, కిటికీ అవతల కుర్చీలో ఎవరున్నారో కనిపిస్తుంది. ఈ జబ్బులో చూపు పక్కలకి తిప్పడం కష్టం, తిన్నగా చూడటం సులువు. కాబట్టి కదలకమ్మ ఆ కుర్చీలో సరిగ్గా ఎదురుగా కూర్చోవాలి. ఆవిడ అటూ ఇటూ మెసిలితే, కళ్ళు తిప్పలేక దర్జీ తలే ఆవిడ వెంట తిప్పేస్తుంది.

"అంటే నేను మాట్లాడకూడదు," అంది కదలకమ్మ.

"అవును," అన్నాడు గ్రాఫులాయన.

"కదలకూడదు కూడా."

ఆయన నవ్వాపుకోవడానికి అటు తిరిగాడు.

ఆవిడ ఇంట్లో సాధన మొదలుపెట్టింది. సాయంత్రం వంటింట్లో కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడ వంక చూస్తూ కూర్చుంది. డ్యూటీ దిగి వచ్చిన భర్త ఆ మౌనం చూసి హడలిపోయాడు. కాసేపు చూసి కాఫీ తనే పెట్టుకున్నాడు. ఆవిడ పలకలేదు. గిన్నెలు కడిగాడు. పలకలేదు. ఇక లాభం లేదని, పోయిన నెల ఆవిడకిష్టమైన గాజు జాడీ పగిలింది పిల్లి వల్ల కాదని ఒప్పుకున్నాడు. అయినా పలకలేదు. పాపం ఆయన పెళ్ళినాటి నుంచి చేసిన తప్పులన్నీ ఒక్కొక్కటే తవ్వి తీసి చెబుతుంటే ఆవిడ పెదవి కొరుక్కుని అన్నీ విన్నది. సాధన పూర్తయ్యాక, "జాడీ సంగతి తర్వాత తేలుస్తాను," అంది. ఆ మాట వినగానే ఆయనకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

రెండో స్కాన్ రోజు వచ్చింది. పొద్దున తయారైన మందు వేడివేడిగా ఆస్పత్రికి చేరింది. గంటలు గడిచేకొద్దీ దాని బలం తగ్గిపోతుంది, ఆలస్యం పనికిరాదు. ఇంజెక్షన్ ఎక్కింది. దర్జీ బల్ల మీద పడుకుని అద్దంలోకి చూసింది. కిటికీ అవతల కదలకమ్మ కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో, పెదవుల మీద చిరునవ్వు. కంప్యూటరు ముందు ఈసారి గ్రాఫులాయన. ఏసీ, లిఫ్టు, పంపు అన్నీ హాయిగా నడుస్తున్నాయి. వాటి కేసు కొట్టేశారు.

మొదట్లో బాగానే ఉంది. కాసేపటికి కదలకమ్మ ముక్కు కొసన దురద పుట్టింది. గోక్కుంటే చెయ్యి లేవాలి. ఆవిడ ముక్కు సంగతి మర్చిపోదామని తండ్రి స్టూడియో గుర్తుచేసుకుంది. స్టూలు మీద బిక్కమొహాలతో కూర్చున్న జనం కళ్ళ ముందు కదిలారు. ఇన్నేళ్ళూ ఎంతమందిని ఆజ్ఞాపించింది, కదలకు, కదలకు అని! ఆ మాట అనడం ఎంత తేలికో, పాటించడం ఎంత కష్టమో అరవై దగ్గరపడుతున్న వయసులో తెలిసొచ్చింది. వేలు బటను కోసం ఒళ్ళోనే గిలగిల్లాడింది. గట్టిగా మడిచి పట్టుకుంది. గొంతులో మాటలు బస్టాండులో జనంలా తోసుకుంటున్నాయి. బాగా చేస్తున్నావు తల్లీ. ఇంకొంచెమే తల్లీ. ఆవిడ అవన్నీ చిరునవ్వులోకే సర్దింది.

సగం దాటాక డాక్టరమ్మ పిల్లిలా అడుగులేసుకుంటూ వచ్చింది. తెర మీద గీత చూసింది. చదునుగా, తిన్నగా, ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. ఆమె మొహం వెలిగిపోయింది. ఆనందం పట్టలేక, దర్జీకి ఒక మంచిమాట చెబుదామని మైకు వైపు చెయ్యి చాచింది.

కదలకమ్మ అది చూసింది. అరవడానికి లేదు. లేవడానికి లేదు. కళ్ళు మాత్రం తిప్పగలదు. ఆ కళ్ళని గ్రాఫులాయన వైపు తిప్పి, ఇన్నేళ్ళ తిట్లన్నీ వాటిలో పోసి చూసింది. ఆయన ఒక్క ఉదుటున అరచేత్తో బటను మూసేశాడు. డాక్టరమ్మ నాలుక కరుచుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. అద్దంలో దర్జీకి కనిపించింది మాత్రం అదే కుర్చీ, అదే చిరునవ్వు.

గంట అయింది. బల్ల బయటికి వచ్చింది. గీత మొదటి నుంచి చివరిదాకా నీటిమట్టంలా ఉంది. కదలకమ్మ కుర్చీలోంచి లేచి ముందు ముక్కు గోక్కుంది, తర్వాత తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, దర్జీని కావలించుకుని, దాచిపెట్టుకున్న మాటలన్నీ ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పింది. దర్జీ ఉలిక్కిపడి రెండుసార్లు ఎగిరింది. ఇప్పుడు ఎవరికీ పట్టలేదు.

మధ్యాహ్నానికి బొమ్మ తయారైంది. డాక్టరమ్మ గదిలో అందరూ తెర చుట్టూ మూగారు. మెదడు బూడిదరంగులో స్పష్టంగా ఉంది. దాని నడిమధ్యన, లోతుగా, వెనక భాగాన ఇంకోచోట, ఎర్రగా రాజుకుంటోంది. అనుమానానికి తావే లేదు. ఆ ఎర్రటి చోటు మీద వేలు పెట్టి డాక్టరమ్మ, "ఇదిగో," అంది. "కుదుపులు పుట్టేది ఇక్కడే అయ్యుండాలి."

"అంటే తలలో ఉంది," అంది దర్జీ.

"ఉంది."

"భయం కాదు."

"కాదమ్మా. ఏనాడూ కాదు."

తన మెదడు మండుతోందని ఎవరైనా చెబితే ఏడవాలి. దర్జీ ఏడ్చింది కూడా, కానీ నవ్వుతూ ఏడ్చింది. వాళ్ళన్న కళ్ళు ఒత్తుకుని చెల్లెలి తల మీద చెయ్యి వేశాడు. "నేను కూడా నమ్మలేదే, నన్ను క్షమించు," అన్నాడు. ఆమె ముక్కు తుడుచుకుని డాక్టరమ్మని అడిగింది. "ఈ బొమ్మ ఒక కాపీ ఇస్తారా? మా వదినకి చూపించాలి. ఫ్రేమ్ కట్టించి హాల్లో పెడతాను."

మాత్ర మొదలైంది. నెలలు గడిచాయి. ఇంకోసారి స్కాన్‌కి కమిటీ కొత్తగా అనుమతిచ్చింది, మాత్ర వేసుకుంటున్నవాళ్ళందరికీ ఒకేసారి. మళ్ళీ అదే కుర్చీ, అదే అద్దం, అదే చిరునవ్వు. ముక్కు మళ్ళీ దురద పెట్టింది. కొన్ని సంగతులు మారవు.

ఈసారి బొమ్మలు రెండూ పక్కపక్కన పెట్టారు. నడిమి ఎరుపు వాడిపోయింది. వెనక భాగాన ఉన్నది వెతికితే తప్ప దొరకలేదు. డాక్టరమ్మ గొంతు సవరించుకుని, ఒక్కరి బొమ్మ చూసి గంతులేయకూడదని, మిగతావాళ్ళవి కూడా చూడాలని, లెక్కలు కట్టాలని, తొందరపడి ఏమీ అనకూడదని అందరికీ చెప్పింది. అలా చెప్పి అందరినీ పంపించి, తలుపు వేసుకుని ఒక చిన్న గంతు వేసింది. కిటికీలోంచి కదలకమ్మ చూసింది కాబట్టి ఇది మనకి తెలిసింది. తర్వాత మిగతావాళ్ళ బొమ్మలు కూడా వచ్చాయి. ఒకరికి అంతగా తగ్గలేదు, మిగిలినవాళ్ళకి తగ్గింది. అప్పుడిక డాక్టరమ్మ తలుపు వేసుకోలేదు.

తిరుగు రైలుకి ముందు దర్జీ స్కాన్ గదికి వచ్చింది, చంకలో ఒక గుడ్డ మూట పెట్టుకుని. తెల్లటి మందపాటి గుడ్డ. "మీ కోటు భుజాల దగ్గర ఎప్పుడూ జారిపోతూ ఉంటుంది అక్కా," అంది. మేడమ్ ఎప్పుడో అక్క అయిపోయింది. "చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది. కొత్తది కుట్టి పంపిస్తాను."

"అలాగే! ఉండు, పాత కోటు విప్పి ఇస్తాను, దాని కొలత చూసుకుని..."

"పాతది వద్దు. మీరు నిలబడండి."

కదలకమ్మ నిలబడింది. నిలబడటం అంటే ఆవిడ పద్ధతిలో నిలబడటం. అద్దం వైపు తిరిగి, ఇటు తిరిగి, జేబులు పెద్దవిగా ఉండాలని, చేతులు మరీ పొడుగు వద్దని, పోయినసారి కుట్టినవాడు ఎలా చెడగొట్టాడో చెబుతూ, మధ్యలో భర్త జాడీ కొనితెచ్చిన సంగతి కూడా కలిపింది. దర్జీ ఆవిడ భుజాల మీద గుడ్డ పరిచింది. గుండుసూదుల డబ్బీ తెరిచి ఒకటి తీసి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, మెడ పక్కగా తెచ్చింది.

"కదలకండి అక్కా," అంది.

కదలకమ్మ నోరు మూసుకుని, గడ్డం ఎత్తి, తండ్రి స్టూడియోలో స్టూలు మీద కూర్చున్నవాళ్ళలా నిటారుగా బిగుసుకుంది. సూది చల్లగా మెడని రాసుకుంటూ పోయి గుడ్డలో దిగింది. దర్జీ ఇంకో సూది తీసింది. బయట ఎవరో ట్రాలీ తోసుకుంటూ పోయారు, చక్రం కిర్రుమని అరిచింది. ఆ చెయ్యి కాస్త ఆగింది, వణకలేదు, రెండో సూది కూడా గుచ్చింది.